ఎర్రరాళ్ళ లోయలో నీటి లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అతి తక్కువ వర్షం కురిసే రాష్ట్రం నెవాడా. ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో, లాస్ వేగాస్ నగరానికి ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, బూడిదరంగు కొండల నడుమ ఎర్రని ఇసుకరాళ్ళ లోయ ఒకటి ఉంది. దాని పేరు ‘వ్యాలీ ఆఫ్ ఫైర్’. అంటే అగ్నిలోయ. 40,000 ఎకరాలకు పైబడిన ఈ ప్రదేశాన్ని 1934లో సందర్శకుల కోసం తెరిచారు. 1935లో ఇది చట్టరీత్యా స్టేట్ పార్కు అయింది. నెవాడాలో ఇంతకంటే పాత స్టేట్ పార్కు మరొకటి లేదు.

పేరులో నిప్పు ఉన్నా లోయలో నిప్పు లేదు. 1920లలో ఈ దారిన ప్రయాణించిన ఒక మోటారు సంఘపు అధికారి, సంధ్యవేళ ఎండ ఆ రాళ్ళ మీద పడటం చూసి, లోయ అంతా మంటల్లో ఉన్నట్టుందని అన్నాడట. ఆ మాటే పేరుగా నిలిచిపోయిందని చెబుతారు. ఒక పగలంతా అక్కడ గడిపి వచ్చిన నాకు మాత్రం ఆ లోయలో కనిపించిన ప్రతి వస్తువూ నీటి సంగతే చెప్పింది. అక్కడ సంవత్సరమంతటికీ కురిసే వర్షం సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో సైతం దానికి అయిదింతలు కురుస్తుంది. వేసవిలో అక్కడి ఉష్ణోగ్రత ఒక్కోసారి 49 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది.

ఈ లోయను నాకు చూపించినవారు మా ఆపా, బావగారు. బావగారు హ్యూస్టన్ నగరంలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆయనకిప్పుడు 68 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. కోలుకున్న తరువాత, పిల్లలు వద్దంటున్నా వినకుండా, పాత ఆర్‌వీ ఒకటి కొన్నారు. అప్పటినుంచి దంపతులిద్దరూ ఏడాదిలో మూడు నెలలు అందులో దేశం చూస్తూ తిరుగుతున్నారు. ఈదుల్ ఫితర్ తరువాత నేను వారిని చూడబోయినప్పుడు ఆ బండిలోనే పది రోజులు వారికి అతిథిగా ఉన్నాను.

ఆర్‌వీ అంటే చక్రాల మీది ఇల్లు. మన ఆర్టీసీ మినీబస్సంత బండిలో మంచం, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ ఇమిడి ఉంటాయి. పైకప్పు మీది సోలార్ పలకలు కరెంటు ఇస్తాయి. బండి వెనుక ఒక చిన్న కారును తగిలించి లాక్కుపోతారు. ఇంటిని ఒకచోట నిలిపి, చుట్టుపక్కల చూడటానికి ఆ కారులో వెళ్తారు. బండి అడుగున మూడు ట్యాంకులుంటాయి. మొదటిది మంచినీళ్ళది. రెండవది స్నానం, వంట తరువాత మిగిలే వాడిన నీళ్ళది. మూడవది మరుగుదొడ్డిది. వాడిన నీటిని ఇష్టం వచ్చినచోట వదలటానికి వీల్లేదు. అందుకోసం ఏర్పాటు చేసిన స్థలానికి వెళ్ళి ఖాళీ చేసి రావాలి.

మా ఆపా వంటగట్టు పక్కన గోడకు ఒక చిన్న పలక ఉంది. మీట నొక్కితే ఏ ట్యాంకు ఎంత నిండిందో దీపాలు వెలిగి చెబుతాయి. పొద్దున లేచి ఫజ్ర్ నమాజు ముగించగానే ఆపా చేసే మొదటి పని ఆ మీట నొక్కడం. మంచినీళ్ళ ట్యాంకు 150 లీటర్లది. ముగ్గురు మనుషులకు అది నాలుగు రోజులు రావాలి. అందువల్ల ఆ ఇంట్లో పళ్ళు తోముకోవటానికి ఒక గ్లాసు నీళ్ళే. ఎంగిలి పళ్ళేలను ముందు కాగితంతో శుభ్రంగా తుడిచి, ఆ తరువాతే కడుగుతారు. వేడినీళ్ళ కుళాయి తిప్పినప్పుడు మొదట వచ్చే చన్నీళ్ళను జగ్గులో పట్టి టీకి వాడుతారు. స్నానానికి ఒళ్ళు తడుపుకొని కుళాయి కట్టేయాలి. సబ్బు రాసుకొన్న తరువాతే మళ్ళీ తెరవాలి. మేడ మీది ట్యాంకు నిండి నీళ్ళు గోడ వెంట కారుతున్నా మోటారు కట్టేవారు లేని ఇళ్ళనుంచి వెళ్ళిన నాలాంటివాడికి అది కొత్త క్రమశిక్షణ. రెండు రోజులలో అలవాటైపోయింది.

మే నెల ఆరంభంలో మేము ఓవర్టన్ అనే చిన్న ఊరి దగ్గర బండి నిలుపుకొన్నాము. అది కేంద్ర ప్రభుత్వపు ఖాళీ భూమి. అలాంటి భూములలో సాధారణంగా 14 రోజుల వరకు ఎవరైనా ఉచితంగా విడిది చేయవచ్చు. అయితే అక్కడ కుళాయి ఉండదు, కరెంటు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. మనం తెచ్చుకొన్నదే మనకు ఆధారం. మా నివాసం అక్కడ, చూడవలసిన లోయ అక్కడికి కారులో ఇరవై నిమిషాల దూరంలో.

ఓవర్టన్‌లో ‘లాస్ట్ సిటీ మ్యూజియం’ అనే చిన్న వస్తు ప్రదర్శనశాల ఉంది. లోయకు వెళ్ళటానికి ముందురోజే దాన్ని చూశాము. ఓవర్టన్ పక్కన పారే మడ్డీ నది వెంబడి వెయ్యేళ్ళ క్రితం ప్యూబ్లో జాతి రైతులు మట్టి ఇళ్ళు కట్టుకొని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పత్తి పండించేవారు. ఇంచుమించు 1150 ప్రాంతంలో వారు ఆ ఊళ్ళను విడిచి వెళ్ళిపోయారు. 1924లో పురాతత్వ శాస్త్రజ్ఞులు ఆ ఇళ్ళ పునాదులను తవ్వి తీశారు. ఆ తరువాత కొలరాడో నది మీద హూవర్ ఆనకట్ట లేచింది. దాని వెనుక పెరుగుతున్న మీడ్ సరస్సు నీళ్ళు ఆ తవ్వకాలను ముంచబోతున్నాయని తెలిసి, దొరికిన కుండలనూ బుట్టలనూ పనిముట్లనూ భద్రపరచటానికి 1935లో ఈ మ్యూజియం కట్టారు. నీళ్ళ కోసం నది ఒడ్డున వెలసిన ఊరు చివరకు నీళ్ళ కిందికే చేరింది. అదే సరస్సు 1938లో సెయింట్ థామస్ అనే మరో ఊరినీ ముంచింది. 1865లో మోర్మన్ మతస్థులు స్థాపించిన గ్రామమది. ఈ శతాబ్దంలో వరుస కరువులతో సరస్సు తగ్గిపోగా, ఆ గ్రామపు పునాదులు మళ్ళీ ఎండలోకి తేలాయి.

మర్నాడు ఉదయం ఆపా ప్రయాణ సన్నాహం చేసింది. ఒక్కొక్కరికి 4 లీటర్ల చొప్పున నీళ్ళ సీసాలు నింపింది. కారు వెనుక మరో 10 లీటర్ల క్యాను పెట్టింది. ఉప్పు బిస్కెట్లు, ఖర్జూరాలు, పెరుగన్నం, మామిడికాయ పచ్చడి సర్దింది. చివరగా ప్రతి సీసా నడుముకూ ఒక రబ్బరు బ్యాండు తొడిగింది. ఎందుకని అడిగాను.

“నడకకు పోయినప్పుడు నీళ్ళు ఈ బ్యాండు దగ్గరకు దిగితే వెనక్కి తిరగాలి తమ్ముడూ. ఎంత దూరం మిగిలింది, ఎంత బాగుంది అన్న మాటలు అప్పుడు పనికిరావు” అన్నది.

తూర్పు ద్వారం గుండా లోయలో ప్రవేశించాము. ద్వారం పక్కనే తొండం నేలకు ఆనించిన ఏనుగులాగా ఒక రాయి నిలబడి ఉంది. దానికి ‘ఎలిఫెంట్ రాక్’ అని పేరు. ఒక వైపునుంచి చూస్తే ఏనుగు, నాలుగడుగులు పక్కకు వేస్తే వట్టి రాయి.

అక్కడినుంచి కొద్ది దూరం పోగానే, దారి పక్కన ఒక స్మారకం దగ్గర బావగారు కారు ఆపారు. జాన్ క్లార్క్ అనే విశ్రాంత సైనికుడి జ్ఞాపకార్థం నిలిపిన గుర్తు అది. న్యూయార్క్‌కు చెందిన సార్జెంటు ఆయన, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాడు. 1915 వేసవిలో గుర్రపు బండి మీద ఒంటరిగా ఈ దారిన వచ్చాడు. గుర్రాన్ని బండికి కట్టేసి, నీళ్ళు వెతుక్కుంటూ కాలినడకన బయలుదేరి, దాహంతోనే చనిపోయాడు. ఆయన శవం బండికి ఎంతో దూరంలో లేదు. అంత పెద్ద యుద్ధంనుంచి బ్రతికి బయటపడినవాడు, అర్ధశతాబ్దం తరువాత రెండు కడవల నీళ్ళు లేక ఇక్కడ పడిపోయాడు. మేము కారు దిగి కొంతసేపు మౌనంగా నిలబడ్డాము. ఆ రోజులలో లాస్ ఏంజెలెస్‌ను సాల్ట్ లేక్ సిటీతో కలుపుతూ ‘యారోహెడ్ ట్రయిల్’ అనే మోటారు బాట ఈ లోయ గుండానే పోయేది. దాని ఆనవాళ్ళు ఇప్పటికీ ఆ సమీపంలో కనిపిస్తాయి.

ఇంకా ముందుకు పోతే ఎర్రరాళ్ళతోనే కట్టిన మూడు చిన్న గదులు వస్తాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో పనిలేని యువకులకు పని కల్పించటానికి అమెరికా ప్రభుత్వం ఒక దళాన్ని ఏర్పాటు చేసింది. ఈ పార్కులోని తొలి బాటలనూ విడిదులనూ తీర్చినవారు ఆ యువకులే. దారిన పోయేవారు తలదాచుకోవటానికి వారు కట్టిన ఈ గదులు చుట్టూ ఉన్న రాతిలో ఎంతగా కలిసిపోయాయంటే, దగ్గరకు పోయేదాకా అవి గోడలని తెలియదు. లోపల అడుగుపెట్టగానే చల్లగా ఉంది. క్లార్క్‌లాంటి బాటసారులకు అవసరమైనది ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు అక్కడ వెలసింది.

ఇక ఆ రాళ్ళ సంగతి. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం ఇది 15 కోట్ల సంవత్సరాలకు పైబడిన పాత ఇసుక. అప్పుడిక్కడ గాలి కుప్పపోసిన ఇసుక తిన్నెలుండేవి. కాలక్రమాన అవి భూమిలో కూరుకుపోయి, నీటిలో కరిగివచ్చిన ఖనిజాలు రేణువులను అంటించగా రాళ్ళయ్యాయి. ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపు వచ్చింది. భూగర్భ జలం ఆ ఇనుమును కడిగివేసినచోట రాయి తెల్లబడింది. కొంత కడిగి కొంత వదిలినచోట గులాబీ, పసుపు, ఊదా చారలు ఏర్పడ్డాయి. చుట్టూ ఉన్న బూడిదరంగు కొండలు సున్నపురాయివి. అవి ఇంతకంటే ఎంతో పాత సముద్రాల అడుగున పేరుకొన్నవి. భూమి పొరల ఒత్తిడికి ఆ ముసలి రాయి జరిగి వచ్చి ఈ పడుచు రాతి మీదికి ఎక్కింది. తరువాత వాననీళ్ళు, గాలి దాన్ని అరగదీయగా కిందనున్న ఎరుపు బయటపడింది. ఇసుకను రాయిగా అతికినదీ నీరే, రంగులు దిద్దినదీ నీరే, మూత తీసి చూపించినదీ చాలావరకు నీరే. ఏడాదికి నాలుగు అంగుళాల వాన పడే నేల మీద ఈ మాట నమ్మశక్యంగా ఉండదు. కాని ఆ వాన కొన్నిసార్లు ఉరుములతో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, వరదై పారుతుంది.

పార్కు కార్యాలయం దాటి ఉత్తరపు బాట పట్టాము. ‘మౌసెస్ ట్యాంక్’ అనే చోట కారు దిగాము. వంకర కొమ్ముల అడవి గొర్రెలు మూడు ఎదుటి బండ మీద నిలబడి మమ్మల్ని తేరిపార చూశాయి. నెవాడా రాష్ట్ర జంతువు ఇదే. వాటి గిట్టలు నిట్టనిలువు రాతి మీద కూడా జారవు.

అక్కడినుంచి ఇసుకలో నడుస్తూ ఒక ఇరుకు కనుమ గుండా వెళ్ళాలి. కనుమ ఇరువైపుల రాతిగోడల మీద నల్లని పూత ఉంది. ఇనుము, మాంగనీసు కలిసి వేలయేళ్ళలో ఎడారి రాతి మీద సహజంగా ఏర్పడే పొర అది. ఆ నల్లని పొరను గీకి, కింది ఎర్రదనం కనిపించేలా ప్రాచీనులు బొమ్మలు చెక్కారు. గొర్రెలు, మనుషులు, సుడులు, నిచ్చెనలవంటి గీతలు ఉన్నాయి. వారిలో మ్యూజియంలో చూసిన రైతుల పూర్వీకులూ ఉన్నారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంనుంచి సుమారు 1150 వరకు వారు ఈ లోయకు వస్తూపోతూ ఉండేవారు. వేటకు వచ్చారు, దుంపలూ గింజలూ ఏరుకోవటానికి వచ్చారు, తమ ఆచారాల కోసం వచ్చారు. కాని నివాసం ఉండలేదు. కారణం నీరు లేకపోవడమే. వారి ఇళ్ళు నది ఒడ్డునే ఉండేవి.

కనుమ చివర, రెండు బండల నడుమ లోతైన రాతి గుంట ఉంది. వాన పడితే నీళ్ళు అందులోకి జారి, ఎండ తగలని నీడలో నెలల తరబడి నిలుస్తాయి. మేము తొంగిచూసినప్పుడు అడుగున పచ్చని నీళ్ళు కొంచెం ఉన్నాయి. 1890లలో ‘మౌస్’ అనే పేరుగల పాయూట్ జాతి మనిషి ఒకడు, హత్యానేరం మోపబడి, పట్టుకోవటానికి వచ్చినవారికి దొరకకుండా ఈ లోయలో దాగి ఉండేవాడు. ఆ గుంట ఎక్కడుందో అతనికి తెలుసు, వెంటపడినవారికి తెలియదు. అతని పేరే ఆ గుంటకు నిలిచింది. అతడు దోషియా నిర్దోషియా అన్నది వేరే మాట. ఇరవై ఏళ్ళ తేడాతో ఒకే లోయలో ఒకడు బ్రతికాడు, ఒకడు చచ్చిపోయాడు. ఇద్దరి మధ్య భేదం ఆ గుంట జాడ తెలియటం, తెలియకపోవటం.

అప్పటికి పదకొండు గంటలైంది. బావగారి మనసంతా ‘ఫైర్ వేవ్’ మీద ఉంది. ఎరుపు, తెలుపు చారలు అలలాగా సుళ్ళు తిరిగిన పెద్ద రాతి పరుపు అది. దాని చిత్రాన్ని ఆయన బండిలో స్టీరింగు ముందే అతికించుకొన్నారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజులనుంచి ఆయనకు దాన్ని చూడాలని కోరిక. పోయి రావటానికి మొత్తం రెండున్నర కిలోమీటర్లు కూడా ఉండదు. కాని దారి కొంత ఇసుక, కొంత బండ. చెట్టు నీడ ఒక్కటి లేదు. కారులోని సూచిక 36 డిగ్రీలు చూపుతోంది.

ఇసుకలో నడక సామాన్యమైన నడక కాదు. వేసిన అడుగు సగం వెనక్కి జారుతుంది. పైన ఎండ, కింద బండ సెగ. బావగారు గుక్కగుక్కకూ నీళ్ళు తాగుతూ నడిచారు. కొంత దూరం పోయేసరికి ఆయన ముఖం కందిపోయింది. ఆపా ఆయన చేతిలోని సీసా తీసుకొని చూసింది. నీళ్ళు రబ్బరు బ్యాండు దగ్గరకు వచ్చాయి.

“ఏమండీ, తిరుగుదాం” అన్నది.

“సగం దాటాము. ఇంకో పది నిమిషాలు” అన్నారు బావగారు.

“వెళ్ళేటప్పుడు పది నిమిషాలు. వచ్చేటప్పుడు?”

“నా సీసాలో ఇంకా చాలా ఉన్నాయి ఆపా. బావగారికి ఇస్తాను” అన్నాను నేను.

“నీ సీసాలోవి నువ్వు తిరిగి రావటానికి” అన్నది ఆపా. “కావాలంటే నువ్వు చూసిరా. మేమిద్దరం నెమ్మదిగా వెనక్కి పోతాము.”

బావగారు కొంతసేపు ఆ దిక్కుకే చూస్తూ నిలబడ్డారు. “మళ్ళీ ఇంత దూరం రాగలనో లేదో” అన్నారు మెల్లగా. ఆ మాటకు ఆపా వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన టోపీ తీసి, తన సీసాలోని నీళ్ళు కాసిని దాని మీద పోసి మళ్ళీ తల మీద పెట్టింది. “ఇంటికి రాగలిగితే చాలు” అన్నది. ఆయన మరి మాట్లాడక వెనక్కి తిరిగారు. నేనూ వారితోనే తిరిగాను. ఆయన చూడలేనిదాన్ని చూసి వచ్చి వర్ణించాలని నాకు అనిపించలేదు.

సగం దారిలో ఫైర్ వేవ్‌నుంచి తిరిగివస్తున్న ఒక యువకుడు మమ్మల్ని దాటబోతూ ఆగి, అంతా కుశలమేనా అని అడిగాడు. విషయం తెలుసుకొని తన ఫోను తీసి ఫొటోలు చూపించాడు. బావగారు ఆ చిన్న తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూశారు. “నా స్టీరింగు ముందున్న బొమ్మకంటే ఇది బాగుంది” అని నవ్వారు. కారు దగ్గరకు చేరేసరికి ఆయన సీసాలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు మిగిలాయి. వెళ్ళిన దారి దిగువ, వచ్చిన దారి ఎగువ. ఎడారి నడకలో తిరుగు దారి ఎప్పుడూ ఎక్కువ నీళ్ళు అడుగుతుంది.

పార్కు కార్యాలయంలో చల్లగా కూర్చున్నప్పుడు తెలిసింది, వేసవి నెలలలో ఫైర్ వేవ్‌తో సహా అనేక నడక బాటలను పూర్తిగా మూసివేస్తారని. 2023 జూలైలో విపరీతమైన వేడిలో ఈ పార్కులో నడకకు వెళ్ళిన ఇద్దరు మహిళలు ప్రాణాలతో తిరిగి రాలేదు. 1915 నాటి గుర్రపు బండి రోజులు పోయాయి. ఇప్పుడు తారురోడ్డు ఉంది, కారు ఉంది, జేబులో ఫోను ఉంది. లోయలో చాలాచోట్ల ఆ ఫోనుకు సిగ్నలు ఉండదు. దాహానికి మాత్రం ఈ నూరేళ్ళలో ఏ మార్పూ రాలేదు.

మధ్యాహ్నం పడమటి వైపు రాతి నీడలో భోజనం చేశాము. జుహ్ర్ నమాజుకు ఆపా ఒక చిన్న గిన్నెలో నీళ్ళు కొలిచి ఇచ్చింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ‘ముద్ద్’ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలలో ఉంది. ముద్ద్ అంటే సగటు మనిషి దోసెడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. వుజూఖానాలో బారులు తీరిన కుళాయిల దగ్గర అది పుస్తకంలో మాటగానే ఉండిపోతుంది. ఆ రాతి నీడలో దోసెడు నీళ్ళతో వుజూ పూర్తయి గిన్నె అడుగున ఇంకా కొన్ని చుక్కలు మిగిలాయి. మన ప్రాంతంలో పడమటికి తిరిగి నిలబడే మేము అక్కడ ఉత్తరానికి కొద్దిగా తూర్పుగా తిరిగి నమాజు చేశాము.

ఎండ తగ్గాక మిగిలినవి చూశాము. ఒకచోట రాయిగా మారిన చెట్టు మొద్దులు ఉన్నాయి. ఏనాటి అడవినుంచో ప్రవాహాలలో కొట్టుకొచ్చి, బురదలో కూరుకొని, నీటిలోని ఖనిజాలు కణకణంలో నిండి రాళ్ళైనవి. సందర్శకులు ముక్కలు పగలగొట్టి పట్టుకుపోతుంటే చుట్టూ కంచె వేయవలసి వచ్చింది. ‘అట్లాట్ల్ రాక్’ అనే బండకు ఇనుప మెట్లున్నాయి. ఎక్కితే పైన బొమ్మలు కనిపిస్తాయి. అట్లాట్ల్ అంటే ఈటెను మరింత దూరం విసరటానికి వాడే కొక్కెపు కర్ర. విల్లమ్ములు రాకముందటి ఆయుధమది. ప్రాచీనుల గీతల పక్కనే ఈనాటి మనుషులు తమ పేర్లు గీకిపోయిన చోట్లూ ఉన్నాయి. వాళ్ళ గీతలలో ఒక కాలం తెలుస్తుంది. వీళ్ళ గీతలలో ఒక పేరు తప్ప మరేమీ తెలియదు.

అక్కడే దారి పక్కన ఒక ఎడారి తాబేలు మెల్లగా పోతూ కనిపించింది. ఒక చిన్నపిల్లవాడు సంతోషంతో దాన్ని ఎత్తుకోవటానికి పరుగెత్తాడు. మా ఆపా గట్టిగా వారించి, వాడి తల్లిదండ్రులకు కారణం చెప్పింది. ఈ తాబేలు తన మూత్రాశయంలోనే నీటిని నెలల తరబడి నిలువ చేసుకొంటుంది. వానలేని కాలమంతా దాని బ్రతుకు ఆ నీటి మీదే. ఎవరైనా ఎత్తితే భయంతో ఆ నీటిని వదిలేయవచ్చు. మళ్ళీ వాన పడేదాకా దానికి నీళ్ళు దొరకవు. ముద్దు చేసిన చెయ్యే దాని ప్రాణం తీయవచ్చు. ఆ పిల్లవాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, అది పొదలోకి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాడు.

సూర్యుడు వాలుతున్నప్పుడు రాళ్ళు నిజంగానే నిప్పులైనాయి. ముందు నారింజ, తరువాత కుంకుమ, ఆ తరువాత ఆరిపోతున్న బొగ్గుల రంగు. బావగారు కారు బానెట్‌కు ఆనుకొని, ఆపా పక్కన నిలబడి, ఆ వెలుగు పోయేదాకా చూశారు. ఫైర్ వేవ్ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

మన తెలుగు ముస్లిం కుటుంబాలలో పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. సెలవులలో పిల్లలు వారిని ఇలాంటి ఎడారి ప్రదేశాలకు తీసుకుపోతుంటారు. వారికి ఆపా పద్ధతులే నా సలహా. నవంబరునుంచి మార్చి వరకు వెళ్ళడం మేలు. మనిషికి రోజుకు 4 లీటర్లు తక్కువ కాకుండా నీళ్ళు పెట్టుకోండి. నడక ఉదయం పది గంటలలోపు ముగించండి. బి.పి., గుండె మందులు వాడేవారు వేడిలో నడక గురించి ముందే డాక్టరును అడగండి. చెప్పులతో కాక బూట్లతో నడవండి. సిగ్నలు ఉన్నచోటే ఇంట్లోవారికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగివస్తారో చెప్పి లోయలో దిగండి. వెనక్కి తిరగవలసిన గుర్తును బయలుదేరకముందే పెట్టుకోండి. నడుస్తూ పెట్టుకొనే గుర్తు కాళ్ళతోపాటే ముందుకు జరుగుతుంది.

ఆ లోయను నెత్తిన ఎండతో, చేతిలో సీసాతో నడిచి చూసినవారికి నీరు లెక్కించదగిన వస్తువని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. తాబేలు లెక్కపెట్టుకొంటుంది. మౌస్ లెక్కపెట్టుకొన్నాడు. నది ఒడ్డు రైతులు లెక్కపెట్టుకొనే లోయలో ఇళ్ళు కట్టలేదు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే మన ఇళ్ళలో ఆ లెక్క కనపడదు గాని, భూమి అడుగున అది నడుస్తూనే ఉంటుంది. మన బోరుబావులు ఏటేటా ఎన్ని అడుగులు లోతుకు పోతున్నాయో మన ఊళ్ళలో తెలియనివారు లేరు.